కురుస్తున్న కార్ల గురించి రవాణా మంత్రిగారికి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రిగారికి,



ఇల్లు కురుస్తోందంటే తెలుగువాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. వాన పట్టిన రాత్రి పెంకుటింట్లో ఏ మూల గిన్నె పెట్టాలో, ఏ మంచం పక్కకి జరపాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. మన తీరప్రాంతంలో పాత కార్లున్నవాళ్లు ఇప్పుడు అదే మాట కారుకీ వాడుతున్నారు. అక్టోబరు వచ్చేసరికి డెంటింగు షెడ్ల గుమ్మంలో "మా బండి కురుస్తోందండీ" అంటూ నిలబడుతున్నారు. ఈ లేఖ ఆ కురవడం గురించీ, అది కారు అడుగున చేసే నష్టం గురించీ, ఆ నష్టం మీ శాఖ పరీక్షలకి కనబడకుండా పోవడం గురించీ.

సముద్రానికి కిలోమీటరు దూరం కూడా లేని ఒక వీధిలో, ఒక రిటైర్డు తెలుగు మాస్టారి దగ్గర 2004 నాటి మారుతి 800 ఉంది. పదిహేనేళ్లు నిండినప్పుడు, 2019లో, దాని ఆర్‌సీ మొదటిసారి రెన్యూవల్ అయింది. 2024లో 5,000 రూపాయల ఫీజు కట్టి రెండోసారి చేయించారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు లైట్లు వేయించి చూశారు, హారన్ కొట్టించారు, బ్రేకులు చూశారు, పొల్యూషన్ కాగితం అడిగారు, చాసిస్ నంబరు సరిపోల్చుకున్నారు. బండి పాసైంది. అదే ఏడు, మూడు రోజులు విడవకుండా ముసురు పట్టాక, ముందు ఎడమ సీటులో కూర్చున్న మాస్టారి భార్య కాళ్లకి తడి తగిలింది. మ్యాట్ తీశారు. కింద కార్పెట్టు నానిన గోనెసంచిలా బరువెక్కి ఉంది. అది కూడా ఎత్తితే, రేకు ఉండాల్సిన చోట గోధుమరంగు పొరలు అప్పడాల్లా లేచి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ ఆనించి కాస్త నొక్కగానే అది దిగబడిపోయి, కింద రోడ్డు కనబడింది.

ఆ చిల్లుకి జానెడు దూరంలో సీటు బోల్టులున్నాయి.

అక్కడికి ఆగి, ఆ నీళ్లు ఎక్కడ నుంచి వచ్చాయో చెప్పాలి. ఎందుకంటే పాత కారు మరమ్మతులో సగం పని వెతుకులాటే, జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం కూడా అక్కడే. పెంకుటింట్లో చుక్క పడేది ఒకచోట, పెంకు పగిలింది మరోచోట. పగిలిన పెంకు సందులో దిగిన నీరు వాసం వెంట జారి, ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ రాలుతుంది. కారులోనూ అంతే. కాళ్ల దగ్గర మడుగు కట్టిన నీరు నెత్తిమీద నుంచి దిగి ఉండొచ్చు, వెనక డిక్కీ నుంచి పారి వచ్చి ఉండొచ్చు.

మాస్టారి కారు చూసిన డెంటర్ చేతిలో పరికరాలు పెద్దగా లేవు, ఓపిక ఉంది. మొట్టమొదట అడిగింది ఏసీ వేసినప్పుడు తడుస్తోందా, వాన పడినప్పుడు తడుస్తోందా అని. ఏసీ లోపల చేరే చెమ్మ ఒక చిన్న గొట్టం గుండా బయటికి పోవాలి. ఆ గొట్టం దుమ్ముతో పూడుకుపోతే నీళ్లు సరిగ్గా ఎడమవైపు కాళ్ల దగ్గరే కారతాయి. అది ఎండాకాలంలోనూ కనబడే జబ్బు, ఒక తీగ దూర్చి ఊదితే నయమవుతుంది. హీటరు కారితే చేతికి జిగురుగా అంటుతుంది, తియ్యని వాసన వేస్తుంది, ఎందుకంటే అది రేడియేటర్లో పోసే కూలెంటు. ఇక్కడ అవేవీ కావు. వాన పడితేనే నీళ్లు.

తర్వాత సీటు విప్పి, కార్పెట్టు తీసి ఎండలో వేసి, లోపలి రేకంతా గుడ్డతో తుడిచి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడర్ పలచగా చల్లాడు. డాష్‌బోర్డు కింద కూడా చేయి పట్టినంత మేర చల్లాడు. ఒక కుర్రవాణ్ణి టార్చిలైటుతో లోపల కూర్చోబెట్టి, బయట నుంచి మామూలు తోట గొట్టంతో, ఒత్తిడి లేకుండా, నీళ్లు పారించాడు. మొదట డోరు అడుగున, కొన్ని నిమిషాల తర్వాత డోరు అద్దం అంచున, ఆ తర్వాత వైపర్ల కింద, చివరికి ముందు అద్దం మూలన. కింద నుంచి పైకి పోవడంలోనే కిటుకుంది. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కారంతా తడిపేస్తాయి, దారి ఏదో తేలదు. వాటర్ సర్వీసింగులో వాడే పంపుతో కొడితే వాన ఎన్నడూ దూరని సందుల్లోకీ నీళ్లు దూరి లేని లీకు చూపిస్తాయి. ముందు అద్దం ఎడమ మూలన గొట్టం పెట్టిన కాసేపటికి, లోపల పౌడర్ మీద ఒక సన్నని గీత పాములా దిగింది.

ఆ మూలన రబ్బరు బీడింగు ఎత్తి చూస్తే, అద్దాన్ని పట్టుకునే రేకు అంచు మీద శనగగింజంత చిల్లులు రెండు. ఇరవై ఏళ్ల ఎండకి రబ్బరు గట్టిపడి మూలల్లో కుంచించుకుపోయింది. దాని కింద నిలిచిన తడి రంగుని లేపింది, తర్వాత రేకుని తినేసింది. అంటే కథ పైన మొదలై కింద తేలింది. కాళ్ల దగ్గరి పెద్ద చిల్లు ఫలితం, కారణం కాదు. ఆ పెద్ద చిల్లు ఒక్కటే మూసి పంపేసి ఉంటే రెండు వానాకాలాలు తిరక్కుండా బండి మళ్లీ అదే షెడ్డుకి వచ్చేది.

అన్ని కార్లలోనూ అద్దం మూలే దోషి కాదు. వైపర్ల కింద, అద్దానికీ బానెట్టుకీ మధ్య ఒక గాడి ఉంటుంది. అద్దం మీద పడిన వాన అందులోకి దిగి, చివర్లలో ఉన్న దారుల గుండా కిందికి పోవాలి. వేపచెట్టు కిందో కానుగచెట్టు కిందో నిలబెట్టిన కారులో ఆకులూ పూలూ అక్కడ చేరి, కుళ్లి, తడిమట్టి అవుతాయి. దారులు పూడుకుపోతాయి. ఆ మట్టి ఆనుకున్న రేకు ఎప్పటికీ ఆరదు. డోర్ల సంగతి ఇంకా విచిత్రం. డోరు లోపలికి నీళ్లు వెళ్లడం లోపం కాదు, అద్దం పక్క సందులోంచి అవి ఎలాగూ వెళ్తాయి. అడుగున ఉన్న బెజ్జాల గుండా బయటికి పోయేలా తయారుచేసేవాళ్లే ఏర్పాటు చేశారు. లోపలి ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటు ఆ నీళ్లని కారు లోపలికి రానివ్వదు. స్పీకర్లు బిగించేవాళ్లు ఆ షీటు చించేస్తారు, పెయింటర్లు ఆ బెజ్జాలని లప్పంతో పూడ్చేస్తారు. ఇద్దరూ తెలియక చేసే పనే. తెలియజెప్పే కాగితం వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోమని మంత్రిగారికి మనవి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

తుప్పుకి ఇనుమూ, నీరూ, ఆక్సిజనూ చాలు. ఉప్పు దాన్ని తొందరపెడుతుంది. ఉప్పు కలిసిన తడిలో తుప్పుకి కారణమైన విద్యుత్ చర్య సులువుగా సాగుతుంది. తీరంలో గాలి మోసుకొచ్చిన ఉప్పు తేమని లాక్కుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా రేకు మీద కంటికి కనబడని తడి పొర నిలుస్తుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. రంగు బుడగలా ఉబ్బడం అందుకే. ఆ బుడగ కనబడే నాటికి లోపల పని చాలా దూరం సాగిపోయి ఉంటుంది. కారు లోపల కార్పెట్టు కింద మందపాటి ఫెల్టు ఉంటుంది, శబ్దం రాకుండా. తడిస్తే అది వారాల తరబడి ఆరదు. పైన సీట్లు పొడిగా, కింద టైర్లు శుభ్రంగా, మధ్యలో రేకు ఉప్పునీటి పట్టీ వేసుకుని పడుకున్నట్టుంటుంది.

జీపుకీ లారీకీ చాసిస్ వేరు, పైనున్న బాడీ వేరు. మారుతి 800 లాంటి కారుకి విడిగా చాసిస్ లేదు. అడుగు రేకూ, డోర్ల కింది పెట్టె అంచులూ, స్తంభాలూ, పైకప్పూ కలిసే ఎముకల గూడు. సీటు బోల్టూ, బెల్టు బోల్టూ, సస్పెన్షన్ బిగించిన చోట్లూ అన్నీ ఆ రేకులోనే పుట్టి ఆ రేకులోనే బలం తెచ్చుకుంటాయి. కాబట్టి మ్యాట్ కింద తడి అంటే కాళ్లు తడవడమే కాదు, గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఉంచాల్సిన బెల్టుకి ఆధారం ఉందా లేదా అన్న ప్రశ్న.

మాస్టారి కారు మరమ్మతుకి ఎనిమిది రోజులు పట్టింది. ముందు పైది, తర్వాత కిందిది. అద్దం జాగ్రత్తగా దింపి, చిల్లుల చుట్టూ రేకుని తెల్లగా మెరిసేదాకా గీకి, కుళ్లిన అంచు కత్తిరించి, కొత్త రేకు ముక్క పెట్టి సీఓటూ వెల్డింగు చేశారు. గ్యాస్ వెల్డింగు వేడి వెడల్పుగా పాకి పలచని రేకుని వంచేస్తుంది, చుట్టూ ఉన్న రంగుని మాడ్చేస్తుంది. అద్దం కూర్చునే అంచు వంగితే కొత్త బీడింగు వేసినా కురుస్తుంది. అడుగున అయితే చేయి పెట్టే ముందు బ్యాటరీ తీగ తీశారు, సీట్లూ కార్పెట్టూ దూరంగా పెట్టారు, పెట్రోలు ట్యాంకూ గొట్టాలూ ఎటు పోతున్నాయో చూసుకున్నారు, పక్కన ఇసుక బకెట్టూ మంటలార్పే సిలిండరూ ఉంచుకున్నారు. కుళ్లినంత మేరా కోసి తీసేశారు. అరచేయంత చిల్లు అనుకున్నది అరచదరపు అడుగు దాటింది. తుప్పు చిల్లు ఎప్పుడూ అంతే, కనబడేది నడిమి భాగమే. 20 గేజి రేకు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లది, అడుగు వంపులకి సరిపడేలా సుత్తితో మలిచి అతికించారు. మిగిలిన గుంటల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ రాశారు, అది తుప్పుని ఇనుప ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. దాని మీద జింకు ప్రైమర్, అతుకుల వెంట సీమ్ సీలర్, ఆ తర్వాత రంగు. చివర్న డోరు కింది పెట్టె అంచుల్లోకి సన్న గొట్టంతో మైనం చిమ్మారు. అన్నీ అయ్యాక మళ్లీ పౌడర్ చల్లి, మళ్లీ గొట్టం పట్టారు. గీత రాలేదు. అప్పటిదాకా కార్పెట్టు లోపలికి వేయలేదు.

ఇది అందరికీ దొరికే మరమ్మతు కాదు. ఎక్కువ చోట్ల జరిగేది వేరు. తుప్పు మీదే రేకు ముక్క పెట్టి నాలుగు చుక్కలు అతికిస్తారు, లేదా రివెట్లు కొడతారు. రెండు రేకుల మధ్య చేరిన తడి ఇక బయటికి రాదు. ఫైబరూ లప్పమూ పూసి నున్నగా రుద్దుతారు. కింద నుంచి తారు లాంటి నల్ల కోటింగు దట్టంగా పూస్తారు, చూసేవాళ్లకి కొత్తగా కనబడుతుంది, లోపల కుళ్లు నిశ్చింతగా సాగుతుంది. అద్దం చుట్టూ స్నానాల గది టైల్సుకి వాడే సిలికోన్ పిండుతారు. వెనిగర్ వాసన వేసే రకం సిలికోన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఇనుప రేకుకి అది కొత్త తుప్పు పెట్టడమే. వీళ్లెవరూ మోసగాళ్లు కారు. తండ్రి దగ్గరో మేస్త్రి దగ్గరో చూసి నేర్చుకున్న పని, కస్టమర్ ఇవ్వగలిగినంత డబ్బుకి చేసిన పని.

ఇప్పుడు మీ శాఖ విషయానికి.

2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10,000 చేశారు. పాత వాహనాలని తుక్కుకి పంపే విధానాన్ని ప్రధానమంత్రి 2021 ఆగస్టు 13న ప్రారంభించారు. ఈ లేఖ ఆ విధానానికి ఎదురు చెప్పడం లేదు. గూడు కుళ్లిన కారు రోడ్డు మీద ఉండకూడదు, దాని యజమానికి ఎంత ప్రేమ ఉన్నా సరే. కానీ ఫీజు వయసుని కొలుస్తుంది, రేకుని కొలవదు. ఎండా వానా తగలకుండా లోపలి జిల్లాలో ఇంటి కింద నిలబడిన ఇరవై అయిదేళ్ల కారు, తీరాన పన్నెండేళ్లు ఆరుబయట నిలబడిన కారు కంటే గట్టిగా ఉండొచ్చు. ఆ తేడా తెలియాలంటే ఎవరో ఒకరు మ్యాట్ ఎత్తాలి.

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా ఎంఓటీ పరీక్ష ఉంది. అందులో సీటు బెల్టు, సస్పెన్షన్, స్టీరింగు, బ్రేకులు బాడీకి బిగించిన చోట్ల నుంచి 30 సెంటీమీటర్ల లోపు తుప్పు ఎంతుందో చూస్తారు. వేలితో నొక్కి చూస్తారు, చిన్న పనిముట్టుతో తట్టి చూస్తారు. బలం మోసే ఆ చోట్ల రేకు చిల్లు పడితే బండి ఫెయిలే. ఫైబరు పూతనీ రివెట్ల అతుకునీ అక్కడ మరమ్మతుగా ఒప్పుకోరు, వెల్డింగు చేయాల్సిందే. ఈ నియమంలో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. ఒక ర్యాంపు, ఒక టార్చిలైటు, శిక్షణ పొందిన ఒక చేయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి తీర నగరాల్లో రెన్యూవల్‌కి వచ్చే కార్లకైనా ఇది ముందుగా మొదలుపెట్టవచ్చు.

తుప్పు తయారీదారుల బాధ్యత కూడా అని ప్రపంచం ఎప్పుడో ఒప్పుకుంది. ఆడీ కంపెనీ 1985లోనే మొత్తం బాడీకి జింకు పూత వేసిన కార్లు అమ్మడం మొదలుపెట్టింది. అమెరికాలో టయోటా టకోమా లాంటి ట్రక్కుల ఫ్రేములు చిల్లులు పడేలా తుప్పు పట్టాయన్న దావాలో, సుమారు 15 లక్షల వాహనాల విషయంలో, 340 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టిన రాజీకి ఆ కంపెనీ 2016లో అంగీకరించింది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకి ఈ బాధ తెలిసిందే. ఇక్కడ ఆ ఉప్పు రోడ్డు మీద ఎవరూ చల్లరు, గాలే తెచ్చి చల్లుతుంది.

మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, లోపాలున్న వాహనాలని వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. మంచి మార్పు. అయితే దాని కింద వచ్చిన నియమం ఏడేళ్లు నిండని వాహనాలకే వర్తిస్తుంది. తుప్పు ఏడేళ్లలో తేలే లోపం కాదు. రంగు కింద మొదలై, రబ్బరు కింద పెరిగి, పది పన్నెండేళ్లకి కార్పెట్టు కింద బయటపడుతుంది. బెల్టు బిగించిన చోటునో సస్పెన్షన్ బిగించిన చోటునో తినేసే తుప్పు ఒకే మోడల్లో పదేపదే కనబడితే, దానికి ఏడేళ్ల గడువు వర్తించకూడదు.

ఇంకో కోరిక ఖర్చు లేనిది. ఏ మోడల్లో నీళ్లు పోయే బెజ్జాలు ఎక్కడున్నాయి, అతుకుల వెంట సీలర్ ఎక్కడ వేశారు, ఏ రేకు ఎంత మందం అనే బొమ్మలు తయారీదారుల దగ్గర ఉంటాయి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది, అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. ఆ బొమ్మలని, ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్లవి కూడా, తెలుగు సహా భారతీయ భాషల్లో అక్కడ పెట్టించండి. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగింది. అంబాసిడర్‌ది అదే ఏడు మే నెలలో ఆగింది. అవి ఇంకా మన వీధుల్లో తిరుగుతున్నాయి. స్పీకరు బిగించే కుర్రవాడు ఫోనులో ఆ బొమ్మ ఒక్కసారి చూస్తే ప్లాస్టిక్ షీటు చించడు. పెయింటరు చూస్తే బెజ్జం పూడ్చడు.

చిల్లు పడిన బిందెలకి మాట్లు వేసేవాళ్లు ఒకప్పుడు వీధి వీధికీ తిరిగేవారు. ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి బిందెలో నీళ్లు పోసి, అడుగున చేయి తడిమి చూసేవారు. డెంటింగు షెడ్లలో కనబడే మంచి చేతులు ఆ పనితనానికి వారసులే. ఐటీఐలలో వెల్డరు, షీట్ మెటల్ వర్కరు ట్రేడులున్నాయి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద, ముందే పని వచ్చినవాళ్ల నేర్పుని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతీ ఉంది. కారు గూడు మరమ్మతుని అందులో ఒక ప్రత్యేక పరీక్షగా చేర్చి, అలా సర్టిఫికెట్టు పొందినవాళ్లు సంతకం చేసిన మరమ్మతు కాగితాన్ని రెన్యూవల్ సమయంలో చూపేలా చేస్తే, బాగా పని చేసేవాడికి పని పెరుగుతుంది. తుప్పు మీద నలుపు పూసేవాడు పని మార్చుకోవాల్సి వస్తుంది.

ఇది తొందర విషయం కూడా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు, వీధుల్లో నిలిచిన కార్లు సీట్ల దాకా మునిగాయి. ఇంజన్లు విప్పి శుభ్రం చేశారు, సీట్లు ఎండబెట్టారు. డోర్ల కింది పెట్టె అంచుల్లోకి చేరిన బురద చాలా కార్లలో ఇంకా అక్కడే ఉండొచ్చు. ఆ తుప్పు ఫలితం వెంటనే కనబడదు. చేతులు మారి, జిల్లాలు మారి, ఎవరో కొనుక్కున్న సెకండ్‌హ్యాండ్ కారులో, ఏదో వానాకాలంలో కనబడుతుంది.

మాస్టారి కారు 2029లో మళ్లీ రెన్యూవల్‌కి వస్తుంది. అప్పటికి దానికి పాతికేళ్లు. ఎడమవైపు మ్యాట్ కింద కార్పెట్టుని ఈసారి అతికించలేదు, రెండు క్లిప్పులు తీస్తే లేచేలా ఉంచారు. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ గారు వంగి దాన్ని ఎత్తి, అతుకు వెంట వేలితో నొక్కి చూసేలా నియమం తేవాలని కోరుతూ,

ఇట్లు
తీర జిల్లాల పాత కార్ల యజమానుల తరఫున
ఒక పత్రికా రచయిత